0.6 సీసీ గాలి: ఫార్మర్ ఛాంబర్ గురించి ఒక మెడికల్ ఫిజిసిస్ట్ రివ్యూ

క్యాన్సర్ ఆసుపత్రిలో కొత్త లీనాక్ (రేడియేషన్ చికిత్స ఇచ్చే మెషిన్) పెట్టేటప్పుడు అందరి దృష్టీ మెషిన్ మీదే ఉంటుంది. దానికి కోట్లు పెడతారు. అందులోంచి వచ్చే రేడియేషన్ బీమ్ ఎంతో కొలిచే ఛాంబర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇది కూడా విడిగా కొనాలా? మెషిన్‌తో పాటు రాదా?" అని అడుగుతారు. కొనాలి. రేడియేషన్ విషయంలో రోగికి, పొరపాటుకు మధ్య నిలబడేది ఆ వేలెడంత ఛాంబరే. నేను మొదట విశాఖలో, తర్వాత హైదరాబాద్‌లో రోజూ వాడుతున్న వస్తువు ఇది. మన జిల్లాల్లో కొత్త సెంటర్లు వస్తున్నాయి కాబట్టి, కొనబోయేవాళ్లకు, కొన్నవాళ్లకు పనికొచ్చేలా రాస్తున్నాను.

నేను రాస్తున్నది 0.6 సీసీ ఫార్మర్ టైప్, వాటర్‌ప్రూఫ్ ఛాంబర్ గురించి. ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్‌లో పనిచేసిన ఫ్రాంక్ ఫార్మర్ 1955లో దీని మొదటి రూపాన్ని ప్రచురించాడు. 1972లో ఎయిర్డ్‌తో కలిసి దాన్ని మెరుగుపరిచాడు. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, కొలతలు కాస్త అటూ ఇటూగా అన్నిట్లోనూ ఒకటే. లోపలి వైపు గ్రాఫైట్ పూసిన పలుచని అక్రిలిక్ గోడ, మధ్యలో సన్నని అల్యూమినియం కడ్డీ, రెంటి మధ్య గాలి. గాలి ఉన్న భాగం పొడవు దాదాపు 23 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్ల పైన కొద్దిగా. గోడకూ కడ్డీకీ మధ్య 300 నుంచి 400 వోల్టులు పెడతాం. అంతే. ఇందులో చిప్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, కదిలే భాగం లేదు.

మనం డబ్బు పెట్టి కొనేది నిజానికి ఆ గాలినే. 0.6 సీసీ గాలి 20 డిగ్రీల దగ్గర, సముద్రమట్టం పీడనంలో 0.72 మిల్లీగ్రాములు తూగుతుంది. బీమ్‌లోని ఎలక్ట్రాన్లు ఆ గాలి గుండా పోతూ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఒక కూలుంబ్ చార్జ్ పుట్టాలంటే గాలికి 33.97 జౌళ్ల శక్తి కావాలి. ఈ సంఖ్య మా వృత్తికి పునాది. ఎందుకంటే ఎలక్ట్రాన్ శక్తి ఒక మెగా ఎలక్ట్రాన్‌వోల్ట్ అయినా, పదిహేను అయినా ఇది దాదాపు మారదు. గాలి అంత నిలకడగా స్పందించకపోతే ఇంత చిన్న వస్తువుతో డోస్ కొలవడం సాధ్యమయ్యేది కాదు. నీళ్లలో ఒక గ్రే (డోస్‌కి యూనిట్) డోస్ ఇస్తే ఈ ఛాంబర్ సుమారు 18.7 నానోకూలుంబులు ఇస్తుంది. ఎలక్ట్రోమీటర్ ఆ చార్జ్‌ని చదువుతుంది, ముంబైలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇచ్చిన కాలిబ్రేషన్ సంఖ్యతో గుణిస్తే డోస్ వస్తుంది.

అయితే ఆ 18.7 అనేది 20 డిగ్రీలు, 1013.25 మిల్లీబార్లు ఉన్నచోట. ఛాంబర్ మూసి ఉండదు, బయటి గాలి లోపలికి వస్తూ పోతూ ఉంటుంది. బయట గాలి పలచబడితే లోపల కూడా పలచబడుతుంది, బీమ్‌కి దొరికే అణువులు తగ్గుతాయి, రీడింగ్ తగ్గుతుంది. బీమ్ మాత్రం అంతే ఉంటుంది. ఈ ఛాంబర్ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది: ఇది బీమ్‌ని కొలవదు, బీమ్ గాలికి ఏం చేసిందో కొలుస్తుంది. కాబట్టి గాలి సంగతి మనకు తెలిసినంత మేరకే బీమ్ సంగతి తెలుస్తుంది.

విశాఖలో ఉన్నప్పుడు ఈ విషయం పుస్తకంలో చదివాను, హైదరాబాద్ వచ్చాక కళ్లారా చూశాను. నీళ్ల ఫాంటమ్‌లో (రోగి శరీరానికి బదులు వాడే నీళ్ల తొట్టి) పది సెంటీమీటర్ల లోతు, 10×10 సెంటీమీటర్ల ఫీల్డ్ (బీమ్ పడే మేర), 6 ఎంవీ (మెగావోల్ట్) బీమ్, 100 ఎంయూ (మానిటర్ యూనిట్లు, మెషిన్ బీమ్‌ని లెక్కపెట్టే కొలత): విశాఖలో ఎలక్ట్రోమీటర్ మీద 12.5 నానోకూలుంబుల దగ్గర కనిపించే రీడింగ్, సరిగ్గా అంతే డోస్ ఇచ్చే మెషిన్‌కి హైదరాబాద్‌లో 11.8 దగ్గర ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు రోజున పీడనం 950 మిల్లీబార్ల చుట్టుపక్కలే. 2014 అక్టోబరులో విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో పీడనం పడిపోయింది కూడా ఆ 950కే. అక్కడ ఊరిని ఛిద్రం చేసిన రోజున నమోదైన సంఖ్య, ఇక్కడ ఎండ కాసే మామూలు మధ్యాహ్నం మా రిజిస్టర్‌లో ఉంటుంది. 22 డిగ్రీలు, 950 మిల్లీబార్లకు టెంపరేచర్-ప్రెషర్ కరెక్షన్ 1.074 వస్తుంది. అంటే రీడింగ్‌కి ఏడున్నర శాతం దాకా కలపాలి. మా మెషిన్ ఔట్‌పుట్, అంటే ఇన్ని ఎంయూలకు వచ్చే డోస్, రెండు శాతం తేడా లోపల ఉండాలని నియమం పెట్టుకుని పనిచేసేవాళ్లం మేము.

ఆ మధ్య తెలంగాణలో ఒక కొత్త సెంటర్‌లో చేరిన జూనియర్ రాత్రి పూట ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"మేడం, ఔట్‌పుట్ ఆరు శాతం తక్కువ వస్తోంది. ఛాంబర్ మార్చి చూశాను, అదే వస్తోంది. ఇంజినీర్‌ని పిలిచి మెషిన్ అడ్జస్ట్ చేయించమంటారా?"

"ముందు ప్రెషర్ ఎంత వేశావమ్మా?"

"1008 మేడం."

"ఎక్కడ చూశావు?"

"ఫోన్‌లో, వెదర్ యాప్‌లో."

వెదర్ యాప్‌లో కనిపించే పీడనం మనం నిలబడ్డ చోటి పీడనం కాదు. వాతావరణ శాఖలు వేర్వేరు ఎత్తుల్లోని ఊళ్లను ఒకే పటం మీద పోల్చడానికి దాన్ని సముద్రమట్టానికి మార్చి చెబుతాయి. వాళ్ల పనికి అదే సరైనది, మా పనికి అది ప్రమాదం. ఆ అమ్మాయి చెప్పిన ఆరు శాతం తేడా అంతా ఆ ఒక్క సంఖ్యలోనే ఉంది. మెషిన్ బాగానే ఉంది. ఆ రాత్రే మెషిన్ ఔట్‌పుట్ పెంచేసి ఉంటే మర్నాటి నుంచి ప్రతి రోగికీ ఆరు శాతం ఎక్కువ డోస్ వెళ్లేది, రిజిస్టర్‌లో మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపించేవి. అడ్జస్ట్ చేసేముందు ఫోన్ చేసి అడిగినందుకు ఆ అమ్మాయిని మనసారా మెచ్చుకున్నాను. విశాఖలోనో మచిలీపట్నంలోనో అదే యాప్ వాడితే తేడా పెద్దగా తెలియదు. అందుకే కోస్తాలో నేర్చుకుని పైకి వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి ఈ ఛాంబర్ కొనేవాళ్లకు నా మొదటి సలహా ఛాంబర్ గురించి కాదు, బారోమీటర్ గురించి. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న మంచి బారోమీటర్ ఒకటి అదే ఆర్డర్‌లో పెట్టించండి. పది మిల్లీబార్లు తప్పితే డోస్‌లో ఒక శాతం తప్పినట్టే. కొన్ని ఫోన్లలో నిజమైన ప్రెషర్ సెన్సర్ ఉంటుంది, అది ఆ గది పీడనాన్నే చూపిస్తుంది. పక్కన పెట్టుకుని సరిచూసుకోవడానికి అది చాలు, రిజిస్టర్‌లో రాయడానికి చాలదు.

ఉష్ణోగ్రత సంగతి పీడనమంత భయపెట్టదు కానీ మన ఎండాకాలంలో చిక్కు తెస్తుంది. మూడు డిగ్రీలకు ఒక శాతం లెక్క. మే నెలలో మేడ మీది ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లు ఎంత కాగి ఉంటాయో అందరికీ తెలుసు. ఆ నీళ్లు ఫాంటమ్‌లో పోసి, ఏసీ గదిలో పెట్టి, వెంటనే కొలవడం మొదలుపెడితే నీళ్లు ఒకవైపు చల్లారుతూ ఉంటాయి, రీడింగ్ ఒకవైపు పెరుగుతూ ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే ఫాంటమ్ నింపి బంకర్‌లో (మెషిన్ ఉండే మందపాటి గోడల గదిలో) వదిలేయడం నా అలవాటు. థర్మామీటర్ నీళ్లలోనే ఉండాలి, గోడ మీది ఏసీ డిస్‌ప్లే చూసి రాయకూడదు. ఛాంబర్ నీళ్లలోకి దించాక కూడా పావుగంట ఆగాలి. లోపలి గాలి నీళ్ల వేడికి రావాలి కదా.

ఇక గాలి పెట్టే రెండో ఇబ్బంది. బీమ్ ఊడగొట్టిన పాజిటివ్, నెగెటివ్ అయాన్లు ఎలక్ట్రోడ్ చేరేలోపు దారిలో ఒకదానికొకటి తగిలి మళ్లీ కలిసిపోతే ఆ చార్జ్ మన లెక్కలోకి రాదు. దీన్నే రీకాంబినేషన్ అంటాం. లీనాక్ బీమ్ ధారగా రాదు, కొన్ని మైక్రోసెకన్ల పల్సులుగా వస్తుంది. ఒక పల్స్‌లో పుట్టిన అయాన్లు 400 వోల్టుల దగ్గర సుమారు పదోవంతు మిల్లీసెకన్‌లో ఖాళీ అవుతాయి, తర్వాతి పల్స్ అంతకన్నా చాలా ఆలస్యంగా వస్తుంది. అందుకని కోల్పోయేది ఎంత అన్నది ఒక్కో పల్స్‌లో ఎంత డోస్ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నిమిషానికి ఎన్ని ఎంయూలన్న దాని మీద కాదు. చాలా మెషిన్లలో కన్సోల్ మీద డోస్ రేట్ 600 నుంచి 100కి తగ్గిస్తే పల్సుల సంఖ్య తగ్గుతుందే తప్ప ఒక్కో పల్స్ బలం తగ్గదు. "రేట్ తగ్గించి కొలిచాను, రీకాంబినేషన్ పోయింది" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. పోదు. లోతు మారినా, దూరం మారినా మాత్రం మారుతుంది.

కొలిచే పద్ధతి సులువే. 400 వోల్టుల దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి చదవాలి. వోల్టేజీ మార్చిన ప్రతిసారీ కాసేపు బీమ్ ఇచ్చి, రీడింగ్ స్థిరపడ్డాకే రాసుకోవాలి. 100 దగ్గర రీడింగ్ 1.2 శాతం తగ్గితే, 400 దగ్గర మనం పోగొట్టుకుంటున్నది 0.4 శాతం అని లెక్క. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి టీఆర్ఎస్-398లో పట్టిక ఇచ్చారు, 2000లో వచ్చిన ఆ పుస్తకాన్ని 2024లో సవరించారు కూడా. ఈ ఛాంబర్‌తో మామూలు 6 ఎంవీ బీమ్‌లో కరెక్షన్ అర శాతం లోపే ఉంటుంది. బీమ్‌ని అంతటా సమంగా పరిచే ఫిల్టర్ తీసేసిన 10 ఎంవీ బీమ్‌లో ఒక్కో పల్స్ బలంగా ఉంటుంది కాబట్టి ఒక శాతం దాకా వెళ్తుంది. పాత మెషిన్ సంఖ్యను కొత్త మెషిన్ వర్క్‌షీట్‌లోకి కాపీ చేసి వదిలేయకూడదు అనేది ఇందుకే. వోల్టేజీ ఇంకా పెంచితే పోదా అని అడుగుతారు. ఒక హద్దు దాటితే ఊడిన ఎలక్ట్రాన్లే వేగం పుంజుకుని కొత్త అయాన్లను పుట్టిస్తాయి, అప్పుడు రీడింగ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కంపెనీ చెప్పిన వోల్టేజీ, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న పొలారిటీ (వోల్టేజీ ప్లస్సా, మైనస్సా అన్నది), ఈ రెండూ పాటిస్తే చాలు.

ఇదే గాలి కథ మెషిన్ తలలో కూడా నడుస్తుంటుంది. రోగికి బీమ్ ఇస్తున్నంతసేపూ దాన్ని కాపలా కాసేవి అక్కడున్న మానిటర్ ఛాంబర్లే. ఒకదానికి తోడుగా ఇంకొకటి, రెండు వేర్వేరుగా ఎంయూలు లెక్కపెడతాయి. మొదటిది ఆపకపోతే రెండోది ఆపుతుంది. వాటిని ముక్కలుగా విభజించి ఉంచుతారు కాబట్టి బీమ్ ఒక పక్కకు ఒరిగితే ఎడమ కుడి ముక్కల సిగ్నల్స్‌లో తేడా వస్తుంది, ఆ తేడాను బట్టే స్టీరింగ్ కాయిల్స్ బీమ్‌ని మధ్యకు లాగుతాయి. కొన్ని మెషిన్లలో ఈ ఛాంబర్లు సీల్ వేసి ఉంటాయి, కొన్నింట్లో బయటి గాలికి తెరిచి ఉండి సెన్సర్లతో సరిచేసుకుంటాయి. సీల్ వేసిన దాంట్లో సన్నగా లీక్ మొదలైతే మెషిన్ ఔట్‌పుట్ వాతావరణంతో పాటు నడవడం మొదలుపెడుతుంది. పీడనం తగ్గిన రోజు మానిటర్ ఛాంబర్ తక్కువ లెక్కపెడుతుంది, తన లెక్క పూర్తయ్యేదాకా బీమ్‌ని ఆపదు, రోగికి ఎక్కువ వెళ్తుంది. దాన్ని పట్టుకునేది బయటి నుంచి కొలిచే ఫార్మర్ ఛాంబరే. రోజువారీ ఔట్‌పుట్ గ్రాఫ్ పక్కన పీడనం గ్రాఫ్ కూడా వేసుకుని చూసే అలవాటు ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

తేమ గురించి చాలామంది అనవసరంగా కంగారు పడతారు. 20 నుంచి 80 శాతం తేమ మధ్య రీడింగ్ మీద ప్రభావం దాదాపు లేనట్టే. విశాఖ వర్షాకాలంలో ఇబ్బంది పెట్టేది లోపలి గాలి కాదు, కనెక్టర్. దాని ఇన్సులేటర్ మీద తేమ చేరితే బీమ్ లేకపోయినా రీడింగ్ మెల్లగా పాకుతూ ఉంటుంది. అందుకే కొలత మొదలుపెట్టేముందు బీమ్ లేకుండా కొన్ని నిమిషాలు లీకేజ్ చూడండి. కనెక్టర్‌కి మూత పెట్టి, సిలికా జెల్‌తో పెట్టెలో దాచండి.

కనెక్టర్ అన్నాను కాబట్టి ఒక ఫిర్యాదు. ఛాంబర్ కేబుల్ చివర వచ్చే ట్రయాక్సియల్ కనెక్టర్లలో మూడు నాలుగు రకాలున్నాయి, ఒకటి ఇంకోదానికి పట్టదు. మాకు ఒకసారి డీలర్ వేరే రకం పంపాడు. అడాప్టర్ వచ్చేదాకా కొత్త ఛాంబర్ పెట్టెలోనే కూర్చుంది, మేము పాతదాంతోనే నెట్టుకొచ్చాం. పర్చేజ్ ఆర్డర్‌లో ఎలక్ట్రోమీటర్ వెనక ఉన్న సాకెట్ ఫొటో జతచేయండి, మాటల్లో రాసి వదిలేయొద్దు. ఇంకొకటి: ఎక్స్‌టెన్షన్ కేబుల్ కూడా అడగండి. బంకర్ గోడలోని డక్ట్ గుండా కన్సోల్ దాకా రావాలంటే ఛాంబర్‌తో వచ్చే మీటరు పైచిలుకు కేబుల్ ఎందుకూ చాలదు. ఆ కేబుల్‌ని ఎవరూ తొక్కకుండా చూడటం కూడా ఫిజిసిస్ట్ పనే. ఛాంబర్ గోడ పలుచన, కింద పడితే అంతే సంగతులు.

ఈ ఛాంబర్ పనికిరాని చోట్లు ఉన్నాయి. చిన్న ఫీల్డులకు వాడొద్దు. 23 మిల్లీమీటర్ల పొడవున్న వస్తువు రెండు సెంటీమీటర్ల ఫీల్డ్‌లో సగటు చూపిస్తుంది తప్ప మధ్యలో ఎంతుందో చెప్పలేదు. ఫిల్టర్ లేని బీమ్ మధ్యలో శిఖరంలా ఉంటుంది కాబట్టి 10×10లో కూడా కొద్దిపాటి సగటు ప్రభావం ఉంటుంది, దానికి కరెక్షన్ వేయాలి. 10 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల లోపు ఎలక్ట్రాన్ బీమ్‌లకు పేరలల్ ప్లేట్ ఛాంబరే (రెండు పలకల మధ్య గాలి ఉండేది) వాడాలి. చెన్నైలో 2019 నుంచి నడుస్తున్నట్టి ప్రోటాన్ బీమ్‌లకు ఫార్మర్ వాడొచ్చు కానీ, ప్రోటాన్లకు గాలి ఇచ్చే సంఖ్య వేరు. 2000 నాటి టీఆర్ఎస్-398లో 33.97కి బదులు 34.23 తీసుకున్నారు, కరెక్షన్ ఫ్యాక్టర్ ఆ లెక్కతోనే మారుతుంది. ఇక ఇప్పుడు పరిశోధనలో ఉన్న ఫ్లాష్ చికిత్సలో ఒక్క పల్స్‌లోనే మామూలు లీనాక్ పల్స్‌కన్నా వేల రెట్ల డోస్ ఇస్తున్నారు. అక్కడ ఈ ఛాంబర్‌లో పుట్టిన చార్జ్‌లో పెద్ద భాగం దారిలోనే కలిసిపోతుంది, మా రెండు వోల్టేజీల లెక్క పనిచేయదు. దానికోసం ప్లేట్ల మధ్య మిల్లీమీటరులో మూడోవంతు కూడా లేని ఛాంబర్లు తయారు చేస్తున్నారు.

ఇన్ని చెప్పినా ఈ వస్తువంటే నాకు గౌరవం తగ్గలేదు. డయోడ్‌లు చూశాను, రేడియేషన్ తగిలేకొద్దీ సిలికాన్ దెబ్బతిని వాటి స్పందన తగ్గుతూ పోతుంది. గాలికి ఆ బాధ లేదు. ఈరోజు బీమ్ చిదిమిన అణువులు బయటికి పోతాయి, రేపు కొత్త గాలి వస్తుంది. ముంబై నుంచి వచ్చిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు వరసగా పెట్టి చూస్తే సంఖ్య కదలడం అరుదు. మధ్యలో అనుమానం వస్తే స్ట్రాన్షియం-90 చెక్ సోర్స్‌తో చూసుకోవచ్చు. చేసే కరెక్షన్లన్నీ స్కూల్లో చదివిన ఫిజిక్స్‌తో అర్థమయ్యేవే, ఏదీ కంపెనీ సాఫ్ట్‌వేర్ లోపల దాగి ఉండదు. తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో మనమే వెతికి పట్టుకోగలం. ఐదుకి ఐదు ఇస్తాను.

ఎలక్ట్రోమీటర్‌తో కలిపితే ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. బడ్జెట్‌లో ఒక్క ఛాంబర్‌కే చోటుంటే ఇదే తీసుకోండి. రెండింటికి చోటుంటే రెండోది కూడా ఇదే తీసుకోండి. ఒకటి కాలిబ్రేషన్‌కి ముంబై వెళ్లినప్పుడు రెండోదాంతో పని ఆగదు. తిరిగి వచ్చాక రెండిటినీ అదే నీళ్లలో, అదే లోతులో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి పోల్చి, ఆ నిష్పత్తిని రిజిస్టర్ మొదటి పేజీలో రాసుకోండి.